దారిలో దొరికిన నట్టు

హలో… ఆ, నేనే… నేనే అవ్వా, భోజన్నను. తమ్మునికి ఎన్నిసార్లు కొట్టినా ఎత్తుతలేడు. ఫోన్ ప్రశాంత్‌కియ్యి.

… వాడు ట్రాక్టర్ మీద ఉంటె నువ్వు ఎన్క ట్రాలీల ఉన్నవ్, తెల్సు. ఎట్లనన్న జేసి ఆపుమను… ఆపుమను అంటున్న!… అబ్బ, గా పాటలు బంద్ జెయ్యుమను ముందు! ఆ సౌండ్‌బాక్స్‌ల నా మాట నీకే ఇనవడ్తలేదు, వానికేం ఇనవడ్తది!

— రుద్రూర్ దాటిండ్రా?… అయ్యో.

… నేనింక రుద్రూర్ ఇవతల్నే ఉన్న. వంట జేసే పెద్ద గంజు మర్చిపోయినమని నన్నే గద ఎన్కకు పంపితిరి. అది తెస్తుంటె మోటర్‌సైకిల్ల పెట్రోల్ అయిపోయింది… తిట్టుడు తర్వాత తిడుదువు గాని, ముందు ఇను. బండి నూక్కుంట వస్తుంటె కాలికింద నట్టు తగిలింది. నీలి రంగు నట్టు. మన ట్రాలీదే.

… ఎవలదో ఎట్లయితది? నా చేతుల్తోని ఏసిన రంగు, గోరు వెడితె ఇంక అంటుతుంది! ఒక్కటి గాదు, జర ముందుకొస్తె ఇంకోటి. దాని పక్కపొంటి రిమ్మును పట్టి పెట్టే ఇనుప బిళ్ల గూడ దొరికింది. గీర, చక్రమే ఊడొస్తది అవ్వా! మీరందరు కూసున్న ట్రాలీ గీర!

… డబ్బా కొత్తదే, ఇరుసులు కొత్తయి గావు గద. రోడ్డు కాంట్రాక్టరోళ్లు పనోళ్లు పండుకునే గీరల రూము అమ్మితే, దాని కింది ఇరుసులే తెచ్చి పెట్టినం. ఆ రూము ఏడాదికి ఒక్కసారి కదిలేది. దానికి మన ట్రాలీల లెక్క బోల్టులు రిమ్ములకెళ్లి పోవు. అంచుల పొంటి బిళ్లలు పెట్టి బిగించుడే. బిళ్లల కింద పచ్చి రంగుండె, నడిచిన కొద్ది ఒదులైతది. అందుకే పొద్దున పానా పట్టుకొని వస్తి, ఇంకోసారి బిగిద్దమని.

… ఆ, నువ్వే ఆపినవ్. పూజ జేసి గీరకు పసుపు దారం గట్టినంక, మొదటి తిరుగుడు అయ్యేదాక పానా ముట్టియ్యొద్దంటివి. మీ బాపు గూడ ముట్టియ్యకపోతుండె అంటివి. నేను సరే అన్న… ఏడ్వకు. ఇది ఏడ్సే యాళ్ల గాదు అవ్వా. ట్రాలీ ఆపియ్యి.

— మొక్కేందే, మొక్కు! బడాపహాడ్ దర్గ ఏడికి వోదు, యాటను కోసి కందూరు రేపైనా జేసుకోవచ్చు. నీ మనుమరాలు దీక్షిత జెరం తగ్గిందనే గద ఈ మొక్కు? ఆ పిల్లనే గీర కింద వడితే ఎవలకు కోస్తవ్ యాటను?

… ఆ. గట్ల అను. నీ పెద్దకోడలు సంజన యాడ గూసున్నది?… ముందట్నేనా? మొగనికి భయపడ్డట్టు మరిదికి భయపడకుమను, ఒర్లుమను… ఒర్లుతుందా?… ఇనవడ్తలేదా వానికి?

ఉల్లిగడ్డల సంచి ఉన్నది గద మీ కాడ? ఒక్కొక్క గడ్డ తీసి వాని వీపుల కొట్టుమను… నవ్వులాటనా ఇది! కొట్టుమను అవ్వా!

… తాకిందా?… ఇంకోటి… తలకాయకైనా పర్వాలే, కొట్టనీ… తిరిగి సూసిండా? సూసిండా! సేతులు ఊపుండ్రి! జప్పున బ్రేకు కొట్టొద్దని సెప్పు… మెల్లగ, రేసు తగ్గించుకుంట… మెల్లగ…

— ఆగిందా?

… ఆగింది. హమ్మయ్య, ఆగింది.

ఏడ ఆగిండ్రు?… కాలువ కట్ట మీదనా? ట్రాలీ ఏ దిక్కు ఒంగింది?… కాలువ దిక్కేనా! తొంగి సూడు, గీర ఎట్లున్నది?… సగం బయటికొచ్చిందా…

ఇను. అందరు ఒక్కసారి లేవొద్దు. దుంకొద్దు. రోడ్డు దిక్కుకెళ్లి ఒక్కొక్కలే దిగాలె. మొదలు పిల్లల్ను… ప్రశాంత్ కింద నిలవడి అందుకుంటుండా? ఆ… దీక్షిత దిగిందా?… దూరం నిలవడుమను… సంజన?… ఆ… యాటను ఎవలు దించమన్నరే! దాన్ని ఇడువుండ్రి, మనుషుల్ను దించుండ్రి!

… అయ్యిండ్రా? అందరు దిగిండ్రా?… నా పానం లేసొచ్చింది అవ్వా. సల్లగుండ్రి.

— ఏందా సప్పుడు?… కిర్రుమంటుంది. నీ పక్కనే మోగుతుంది… అవ్వా, నువ్వేడున్నవ్?

… నువ్వు దిగలేదా?

… మోకాళ్లా… పొద్దున పీటేసి, ఇద్దరం పట్టి ఎక్కిచ్చినం గద నిన్ను… అందర్ని దించి, నాకు ఒక్కొక్కల పేరు సెప్పుకుంట లోపల్నే కూసున్నవా! ఏం మనిషివే నువ్వు!

… ఏ దిక్కు కూసున్నవ్?… కాలువ దిక్కా? అవ్వా, రోడ్డు దిక్కున్నోళ్ల బరువంత దిగిపోయింది, ఇంక అది నీ దిక్కే ఒంగుతది. లేవకు! కూసునే జరుగు… అరుస్తలేను. అరుస్తలేను అవ్వా, జరుగు… జర… ఇంక జర… డబ్బా అంచు దొరికిందా?

… ప్రశాంత్ సెయ్యి అందుతుందా?… ఒక్క సెయ్యి పట్టుకుంటె గుంజరాదు వానికి. ఇంకో సెయ్యి గూడ ఇయ్యి… ఎందుకియ్యరాదు? ఆ సెయ్యిల ఏమున్నది?

… ఫోనా?

పారెయ్… కాలువల పడనీ, పారెయ్… నేను ఏడికి వోలే, మోటర్‌సైకిల్ ఆడ్నే పారేసి ఉరుకుతున్న, వస్తున్న… నా గొంతు ఇనకపోతే భయమైతదా?… నాకు గూడ అయితది. అయినా పారెయ్. రెండు సేతులు తమ్మునికియ్యి… మాట్లాడకు ఇంక. నేను గూడ మాట్లాడ. నీ కాల్మొక్కుత అవ్వా, ఫోన్ పారెయ్…

…

అవ్వా?

…

హలో… హలో…

పారేసింది. మా అవ్వ నా మాటిన్నది.