బోర్డు మీద బీకాం

కోడుమూరు, 1954 డిసెంబరు. ఈరప్ప వేరుశనగ మిల్లులో మిట్టమధ్యాహ్నం మిషను ఆగిపోయింది. గింజలు ఏరే ఆడవాళ్ళు నలభై మందీ పని మానేసి గేటు బయట కూర్చున్నారు. ఈరప్ప పోయి ఆరు నెలలైంది. భర్త పోయి పుట్టింటికి వచ్చి, పదేళ్ళు తండ్రి పక్కనే ఉండి మిల్లు నడిపిన కూతురు నాగక్క, మద్రాసులో బీకాం చదివి వచ్చిన ఆమె తమ్ముడు నరసింహ ఆఫీసు గదిలో ఉన్నారు. తలుపు వేసి ఉంది.

“లెయ్యక్కా. ముందు ఆ కుర్చీలోంచి లేసి మాట్లాడు.”

“లెయ్యను.”

“అది మేనేజరు కుర్చీ.”

“నాయన కుర్చీ. దీని కాలు ఇరిగితే మేకు కొట్టింది నేను. నువ్వప్పుడు మద్రాసులో ఉండావు.”

“మద్రాసులో ఊరికే కూర్చోలేదు. చదివినా.”

“ఏం చదివినావో చెప్పు మళ్ళా. ఇని శానా దినాలాయె.”

“ఎన్ని తూర్లు చెప్పల్ల? యాపారం ఎట్ల నడపల్లనో ఒక సగం, లెక్కలు ఎట్ల రాయల్లనో ఒక సగం. రెండూ కలిస్తే బీకాం.”

“ఆ మొదటి సగంలో రాసినారా, సుంకమ్మను పనిలోంచి తియ్యమని?”

“పనోళ్ళు గంట కొట్టే లోపల రావల్ల. రాకుంటే ఒక తూరి చెప్పల్ల, రెండో తూరి చెప్పల్ల, మూడో తూరి తీసెయ్యల్ల. అట్లనే రాసినారు.”

“ఇంట్లో కోడలు కానుపు నొప్పులు పడతాంటే నీ గంట ఇనపడతాదా దానికి?”

“అందరికీ ఒక కత ఉంటాది. నలభై మంది నలభై కతలు చెప్తే మిషను ఎవరు తిప్పల్ల?”

“ఇప్పుడెవరు తిప్పుతాండారు?”

“అది… అది నువ్వు ఎగదోసినందుకు.”

“నేనా?”

“నువ్వే! పొద్దున దాన్ని నేను గేటు కాడ నిలబెట్టినా. నువ్వొచ్చి చెయ్యి పట్టుకోని లోపలికి పిల్చుకపోయినావు. అందరూ సూస్తాండంగ. మళ్ళా నేను దాన్ని బయటికి పంపితే, దాని ఎనకాల అందరూ లేసి పోయిరి. ఇంక నా మాటకు ఈడ ఏం ఇలువ ఉండాది?”

“సుంకమ్మ నిన్ను ఎత్తుకోని పెంచింది రా…”

“అదే! అదే వద్దంటాండా. ఎత్తుకునింది, పెంచింది, జోల పాడింది. అవన్నీ ఇంటి కాడ. ఈడ కాదు.”

“ఇల్లు ఏరే మిల్లు ఏరే అని నాయన యా పొద్దూ అనలేదు.”

“అందుకే ముప్పై ఏండ్లు ఒక్క మిషనుతోనే ఉండిపాయ.”

“నరసింహా, నోరు అదుపులో పెట్టుకో. ఆ ఒక్క మిషనే నిన్ను మద్రాసుకు పంపింది… ఎవరది తలుపు కాడ?”

“నేనమ్మా, ఉరుకుందప్పను. లారీ డ్రైవరు పోతానంటాండాడు. పొద్దు గుంకే లోపల కర్నూలుకు చేరల్లంట. మూటలు సగమే అయినాయి.”

“టీ తాపి కూర్చోబెట్టు ఉరుకుందప్పా. వస్తాండా.”

“నువ్వు వచ్చేదేంది? ఇను ఉరుకుందప్పా, నేను చెప్పేదాకా ఎవరూ కదలగూడదు.”

“అట్లనే అయ్యా… మరి టీ తాపల్లనా, వద్దా?”

“తలుపెయ్యి ముందు! సూసినావా అక్కా? గుమాస్తా కూడా నీ మొగమే సూస్తాండాడు.”

“ఇరవై ఏండ్ల నుంచి ఉండే మనిషి. ఎవర్ని అడగల్లనో ఆయప్పకు తెలుసు. నా మాట ఇను. గేటు కాడికి పో. ఒక్క మాట అంటే లేసి వస్తారు.”

“కూలోళ్ళను నేను బతిమాలల్లనా?”

“బతిమాలొద్దు. ‘మనమరాలు పుట్టిందంట గదా సుంకమ్మా, బాగుండాదా’ అని అడుగు. అంతే. చాలు.”

“అడగను. ఈ పొద్దు అది అడిగితే రేపు ఇంకోటి అడగల్ల. రేపటికి ఎవరు ఏందో అందరికీ తెలిసిపోతాది. కర్నూలు నుంచి బోర్డు వస్తాండాది.”

“ఏం బోర్డు?”

“గేటుకు. పెయింటరు రాసేసినాడు. ‘ఈరప్ప వేరుశనగ మిల్లు. మేనేజరు: ఈ. నరసింహ, బీకాం.’”

“బీకాం అని రాయించినావా?”

“రాయించగూడదా?”

“తీసెయ్యమను.”

“ఏంది?”

“నాయన పేరు ఉంచుకో. నీ పేరు ఉంచుకో. మేనేజరని కూడా ఉంచుకో, నేనేమీ అనను. ఆ బీకాం ఒక్కటి తుడిపెయ్యమను.”

“కండ్లల్లో నిప్పులు పోసుకుంటాండావు గదక్కా! ఎనిమిదో తరగతిలో నిలిచిపోతివి, నేను పైకి పోతినని…”

“నిలిచిపోతి. అయినా అంకెలు చదవనీకె వచ్చు నాకు.”

“ఏం అంకెలు?”

“ఏం లేదు. బోర్డు మార్పించు.”

“ఏం అంకెలక్కా?”

“నాతో అనిపించాకు నరసింహా.”

“అను! ఆర్నెల్ల నుంచి మూతి ముడుచుకోని తిరుగుతాండావు. ఈ పొద్దు అనేసెయ్యి.”

“అయితే ఇను. ఆ దినం ఇంగ్లీషు పేపరు వచ్చింది. పరీక్ష నెంబర్లు ఏసినారు. నాయన మంచంలో ఉండాడు, సూపు ఆనదు. ‘సూడమ్మా, మనోని నెంబరు ఉండాదా’ అన్యాడు. ఏలు పెట్టి సూసినా. మూడు తూర్లు సూసినా. నీ ముందరోని నెంబరు ఉండాది. నీ ఎనకోని నెంబరు ఉండాది. నీది లేదు.”

“అక్కా…”

“‘ఉండాది నాయనా’ అన్యా. శక్కెర పంచమన్యాడు. ఊరంతా తిరిగి నా చేత్తో పంచినా. నాలుగు దినాలకు ఆయప్ప పోయినాడు. ఇప్పుడు చెప్పు, ఎవరి కండ్లల్లో నిప్పులు?”

“తెలిసి కూడా… ఇన్ని దినాలు నాతో అనలేదా?”

“సెప్టెంబరులో మళ్ళా రాయనీకె పోతావేమోనని సూసినా. పోలేదు. దసరాకన్నా నోరు తెరుస్తావేమోనని సూసినా. తెరవలేదు. గంట కట్టినావు. సుంకమ్మను ఎండలో నిలబెట్టినావు. ఫెయిలైనోనికి ఇంత పొగరు యాడిది రా?”

“ఫెయిలు ఫెయిలు అనాకు. లెక్కల పేపర్లన్నీ పాసయినా. క్లాసులో నాదే ఫస్టు మార్కు.”

“మరి?”

“ఆ… మొదటి సగం పోయింది.”

“ఏ సగం?”

“యాపారం నడిపేది. పనోళ్ళతో ఎట్ల ఉండల్ల అనేది.”

“ఆహా! నీకు రాని పాఠమేనా ఆర్నెల్ల నుంచి మాకు చెప్తాండావు?”

“నవ్వు. బాగా నవ్వు. గేటు కాడికి పోయి అందరికీ చెప్పి నవ్వు. అయితే నాయనకు అబద్ధం చెప్పి శానా గొప్ప పని చేసినాననుకోవాకు.”

“గొప్ప యాడిది? సచ్చిపోయే మనిషిని మోసం చేసినా. పొద్దున లేస్తానే అదే గుర్తొస్తాది నాకు.”

“నాయన మోసపోలేదు.”

“ఏంది?”

“ముందు దినమే ఉరుకుందప్పను కర్నూలుకు పంపినాడు, పేపరు ఆడికి ఒక దినం ముందే వస్తాదని, సూసి రమ్మని. నా నెంబరు లేదని నీకంటే ముందే నాయనకు తెలుసు.”

“అబద్ధం. తెలిసుంటే నన్నెందుకు అడుగుతాడు?”

“నువ్వేం చెప్తావో ఇనల్లని.”

“మరి శక్కెర? శక్కెర ఎందుకు పంచమన్యాడు?”

“నీ మాట నిలబెట్టనీకె.”

“నీకు… నీకెవరు చెప్పినారు ఇదంతా?”

“నాయనే. నేను మద్రాసు నుంచి వచ్చిన దినం పొద్దున. నువ్వు నీళ్ళు కాంచనీకె పోయినప్పుడు చెయ్యి పట్టుకోని చెప్పినాడు. అదొక్కటే కాదు.”

“ఇంకేం చెప్పినాడు?”

“వదిలెయ్యక్కా.”

“సగం చెప్పి నిలపొద్దు రా. ఏం చెప్పినాడు?”

“‘మిల్లు అక్కది. నాకంటే బాగ నడుపుతాది. నేను పోయినంక అక్క కాడికి పోయి, లెక్కలు రాసే పని ఇమ్మని అడుగు’ అన్యాడు. ఆర్నెల్లాయెనక్కా… అడగనీకె నాకు నోరు రాలేదు.”