బోటిల్డా ఇచ్చిన రాగి

“అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? సూటిగా చెప్పండి అవ్వా.”

స్వీడన్‌లోని ఒక పల్లె చర్చిలో, ఆదివారం ప్రార్థన ముగిసిన పిమ్మట, గంటగోపురం మెట్ల వద్ద కొత్తగా వచ్చిన మహిళా పాస్టరు అలా అడిగింది. ఎదుట నిలిచిన వృద్ధురాలు చేతికర్రను నేలకు గట్టిగా ఆనించింది.

“మా ముత్తవ్వ బోటిల్డాకి. గడ్డకట్టిన సరస్సు మీద నడుచుకుంటూ చర్చికి వస్తుంటే మంచు విరిగి మునిగిపోయింది. పెళ్లికాని తల్లి కదా, కావాలనే చచ్చిందని అప్పటి పాస్టరు తేల్చేశాడు. అలా చచ్చినవాళ్లకు చావుగంట కొట్టకూడదని, గంట కొట్టనివ్వకుండా పూడ్పించాడు.”

“కావాలని కాదని ఎలా చెప్తారు?”

“శాలువాలో చర్చిలో పాడే పాటల పుస్తకం చుట్టుకుని ఉందని మీ చర్చి మరణాల పుస్తకమే చెప్తోంది. చావబోయే మనిషికి పాటల పుస్తకం దేనికండీ? చదువుకున్నారుగా, మీరే చెప్పండి!”

“నిజమేనవ్వా. ఈ గంట పోతపోయడానికి రాగి ఇచ్చినవాళ్ల జాబితా నేను చూశాను. అందులో చివరి పేరు ఆమెదే. ఇచ్చింది రాగి కాఫీ కెటిల్ ఒకటి.”

“ఉన్నదే ఒకటి. అది ఇచ్చేసి ఇనప గిన్నెలో కాచుకుంది. ఆమె రాగి ఊళ్లో పోయినవాళ్లందరికీ మోగింది, ఆమెకు తప్ప.”

“పోయేనాటికి వయసెంత?”

“ముప్పై ఒకటి.”

“ఏడాదికొకటి చొప్పున ముప్పై ఒక్క దెబ్బలు. గంట కొట్టే ఆయన భోజనానికి వెళ్లాడు, తాడు నేనే లాగుతాను. మీరు లెక్కపెట్టండి.”

“ఒక్కటి తగ్గినా ఊరుకోను.”

ముప్పై ఒకటో మోత సరస్సు దాటి అణగిపోయేవరకు వృద్ధురాలు మెట్ల దగ్గరే నిలబడి లెక్కపెట్టింది.

“సరిపోయిందా అవ్వా?”

“సరిపోయింది. ఇక మీ చర్చి మాకేమీ బాకీ లేదు.”