కత్తిరించిన కేబుళ్లు

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం షట్టరు అప్పుడే లేచింది. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్టారు ఒక గోతాన్ని తెచ్చి దుకాణం భాయ్ ముందు బల్ల మీద దించాడు.

“పరీక్ష పదికి భాయ్. కొత్త వైర్‌లెస్ కీబోర్డులు ఒక్కొక్కటిగా కొడితే బాగానే ఉండాయి. పిల్లోళ్లు ఇరవైమందీ ఒకేసారి కొడితే అక్షరాలు మింగుతున్నాయి.”

“ఇరుకు గదిలో అన్నీ కలిసి మాట్లాడితే అట్లనే అయితాది సార్. పాతవి తగిలించు.”

“తెచ్చినా. ఈ గోతంలోనే ఉండాయి.”

“వీటికి తోకలేవి?”

“అడుగున ఉండాయి. ఏంది భాయ్, మర్చిపోయినావా? ఇంక కేబుళ్ల కాలం అయిపోయిందని, కొత్తవి వచ్చిన రోజు రిబ్బన్ బదులు వాటినే వాకిలికి కట్టి కత్తిరించినాం గదా. పళ్లెంలో కత్తెర పట్టుకొచ్చింది నువ్వే.”

“అందరూ చప్పట్లు కొట్టినారు, నేనూ కొట్టినా. ఊర్లో వైరువి దొరకలేదా?”

“తెరిచిన దుకాణాలన్నీ తిరిగినా. ఒక్కటీ లేదు. వీటినే అతుకు భాయ్. ఈ పరీక్ష పోతే పిల్లోళ్లకు కోర్టు ఉద్యోగం పోయినట్లే.”

“ఒక్కోదానికి నాలుగు తీగలు అతకాల. ఇరవై నిమిషాలు పడతాది. ఇప్పుడు టైము తొమ్మిది.”

“అంటే మూడు.”

“మూడే.”

“సరే, ఏవో మూడు తీయి.”

“కీబోర్డులు నేను తీస్తా సార్. ఆ మూడింటికి పిల్లోళ్లను నువ్వు తీయాల.”

మాస్టారు గోతం అడుగు నుంచి కత్తిరించిన కేబుళ్లు తీసి బల్ల మీద పెట్టాడు.

“పుల్లలచెరువు నుంచి తొలి బస్సుకు వచ్చిన ఆడపిల్లలే ఆరుగురు ఉండారు భాయ్.”