మూడో మెట్టు

చప్పట్లు కొట్టారండీ. ఎక్కడ కొట్టారంటారు? పాటకి కాదు, చివర్లో పెళ్ళికి కాదు. మూడో మెట్టు దగ్గర. ఆవిడ ఆగుతుంది చూడండి, అక్కడ. హాలు హాలంతా కొట్టారు. నా కడుపు మండిపోయింది.

ఆ తొట్టి ఇటు జరపండి. ఉప్పు వేశారా? ఇంకాస్త వెయ్యండి. చీలమండ చూశారా ఎలా వాచిందో. బస్సు దిగేటప్పుడు కాదు, హాలు మెట్లు దిగేటప్పుడు బెణికింది. మెట్లకీ నాకూ ఏ జన్మ వైరమో మరి.

వద్దన్నాను కదా అంటారు. అన్నారు, కాదనను. రిలీజైనప్పుడే సగంలో లేచి వచ్చేశావు, ఇప్పుడెందుకు అన్నారు. ఏం చెయ్యను? కూరగాయల కొట్టు పక్కనే అంటించారు పోస్టరు. సినిమాకి నలభై ఏళ్ళు నిండాయట, గీతలన్నీ తుడిచి రంగులు సరిచేసి మళ్ళీ వదిలారు. రోజూ ఆ మొహం చూస్తూ వంకాయలు ఏరడం నా వల్ల కాలేదు. పోనీ ఈసారి మొత్తం చూసేసి ఆ పీడ వదిలించుకుందామని మ్యాట్నీకి వెళ్ళాను. మీరొస్తే బావుండేది. మీరు రారని తెలుసు లెండి.

మొదట్లో పేర్లు పడ్డాయా, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. "ప్రఖ్యాత సంగీత నాటకం ఆధారంగా" అని ఒక్క ముక్క వేశారు. అంతే. ఎవరి నాటకం, ఎవరు ఆడారు, మూడేళ్ళు గొంతు చించుకున్నది ఎవరు, ఆ మేడా ఆ మెట్లూ కట్టింది ఎవరు, ఏమీ లేదు. ఎవరి పేరూ లేదు. గుర్రపుబండి తోలినవాడి పేరు మాత్రం వేశారు.

కథ మనదే. మేడ మీద ఇంటి ఓనరు కూతురు, కింద గదిలో వయొలిన్ వాయించే అద్దెవాడు. వాడి వాయిద్యం పడక ఈవిడ నేలని తన్నడం, వాడు కర్రతో పైకప్పు పొడవడం. అన్నీ దించేశారు. జనం నవ్వుతూనే ఉన్నారు. ఒక చోట నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. ఆ కర్ర పోట్లకి అల్మరాలో గిన్నెలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పడతాయే, అక్కడ. నాటకంలో మీరు దారాలు కట్టి లాగేవారు. వాళ్ళు ఎలా లాగారో మరి.

తర్వాత ఆ పాట. ఇల్లు ఖాళీ చెయ్యమని వాడికి చెప్పడానికి ఈవిడ మేడ దిగుతుంది. "ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికే దిగొస్తున్నా" అని పాడుకుంటూ. మూడో మెట్టు మీదకి వచ్చేసరికి "చెప్పడానికే" దగ్గర ఆగిపోతుంది. గొంతు ఆగుతుంది, కాలు ఆగుతుంది. అప్పుడే తెలుస్తుంది చూసేవాళ్ళకి, ఈ పిల్లకి వాడు వెళ్ళిపోవడం ఇష్టం లేదని. ఆ ముక్క దానికీ అప్పుడే తెలుస్తుంది.

నా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. కాలేజీ పిల్లలా ఉంది. దాని స్నేహితురాలి చెవిలో, "ఇదేనే, ఆ ఆగడం కోసమే వచ్చాను, మాకు క్లాసులో ఒక గంట చెప్పారు దీని గురించి" అంది. గంట చెప్పారటండీ. ఏం చెప్పి ఉంటారు? చెక్క వదులైందని చెప్పి ఉంటారా?

నేను ఆగలేకపోయాను. "అది నాదమ్మా" అన్నాను. ఆ పిల్ల పాపం నేను సీటు గురించి అంటున్నాననుకుని లేచి రెండు కుర్చీలు అవతలికి వెళ్ళి కూర్చుంది. నా మొహానికి తగ్గట్టే అయింది.

ఏంటి, నవ్వుతున్నారా? నవ్వండి నవ్వండి.

నేను మొదటిసారి అక్కడ ఆగిన రోజు గుర్తుందా మీకు? ఆ మెట్టు పలక కింద మేకు ఊడింది. నేను కాలు పెట్టగానే కిర్రుమని అరంగుళం కిందకి దిగింది. పడిపోతానేమోనని కమ్మీ పట్టుకుని ఆగాను. పాటా ఆగింది. వెనక వరస దాకా "అయ్యో" అన్నారు, ఆ వెంటనే నవ్వారు. ఆ రెండూ ఒకేసారి రావడం ఆ నాటకంలో అదే మొదలు. అంతకు ముందు ఆ పాటకి జనం సోడాలు తాగడానికి లేచేవాళ్ళు.

మర్నాడు పొద్దున్నే మీరు సుత్తి పట్టుకుని తయారు. నేను ఒంటికాలి మీద లేచాను. ముట్టుకుంటే ఊరుకోను అన్నాను. అప్పటికి మనకి పెళ్ళి కూడా కాలేదు, మీరు వడ్రంగి, నేను కథానాయిక, నా మాటే నెగ్గింది. విరిగితే నీ కాలే పోతుందమ్మాయ్ అన్నారు. పోనీ అన్నాను. అప్పట్లో నా కళ్ళు నెత్తి మీద ఉండేవి.

ఇంక మీరేం చేస్తారు. ఆ రోజు నుంచీ ఆ పాట వచ్చినప్పుడల్లా మెట్ల కింద చీకట్లో దూరి కూర్చునేవారు. పలక కింద ఒక చెక్క ముక్క పెట్టి, దాన్ని చేత్తో పట్టుకుని. పలక అరంగుళం దిగి ఆగిపోవాలి. ఎక్కువ దిగితే నా కాలు పోతుంది, దిగకపోతే నా పాట పోతుంది. మూడేళ్ళు, ఒక్క ఆట తప్పకుండా. నా బరువంతా మీ అరచేతి మీద పడేది. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది కూడా ఆ మెట్ల కింద నుంచే కదా, రిహార్సల్ రోజున. పైన నేను పాడుతున్నాను, కింద నుంచి గొంతు. ఎవరితో మాట్లాడుతున్నానో తెలియక మన నాటకాల కంపెనీ పెద్దాయన నన్ను తిట్టాడు, నాటకం మధ్యలో "సరే" అంటావేంటని.

సరే. ఆ రోజు సంగతికి వస్తాను. రానివ్వండి, అడ్డు చెప్పకండి. నలభై ఏళ్ళుగా ఆ రోజు మాట వస్తే చాలు, మీరు లేచి వాకిట్లోకి వెళ్ళిపోతారు. ఇవాళ కూర్చోండి.

టోపీ ఆయన వస్తున్నాడని కంపెనీ అంతా ఒకటే హడావిడి. నాటకాన్ని సినిమా తీస్తాడట, నాయికని చూసుకోవడానికే వస్తున్నాడట. పెద్దాయన అప్పుడే నన్ను "స్టారమ్మా" అని పిలవడం మొదలెట్టాడు. ముందు రోజు ఆటలో పలక కొంచెం ఎక్కువ దిగి నా కాలు మడతపడింది. అది మీరు మనసులో పెట్టుకున్నారు. వాళ్ళ ముందు పడితే దీని బతుకు ఏమవుతుందని భయపడ్డారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆ పలకకి నాలుగు మేకులు కొట్టేశారు. నాతో చెబితే ఒప్పుకోనని చెప్పలేదు.

నేను వచ్చి కాలు పెట్టాను. పలక కదల్లేదు. బండలా ఉంది. నేనూ బండలా నిలబడిపోయాను. తర్వాత మాట రాలేదు. వాయిద్యాల వాళ్ళు అదే వరస రెండోసారి వాయించారు, మూడోసారి వాయించారు. వింగ్‌లోంచి పెద్దాయన మాట అందించాడు, వినిపించింది కూడా. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. తెర దించారు.

అప్పుడు అందరి ముందూ నేనన్న మాట మీకు గుర్తుండకుండా ఉంటుందా. "మేకులు చెక్కకి కొట్టలేదు నువ్వు, నా బతుక్కి కొట్టావు" అన్నాను. మొగుణ్ణి పట్టుకుని నువ్వు అన్నాను. మీరు సుత్తి మొదటి మెట్టు మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా పార్సిలాఫీసులో చేరిపోయారు. మూటలు తూచుకుంటూ ముప్ఫై ఏళ్ళు.

మళ్ళీ సుత్తి ముట్టుకోలేదు. మన తలుపు గడియ ఊడితే పక్క వీధిలోంచి ఎవరినో పిలిపించారు. ఇదిగో, నేను కూర్చున్న ఈ స్టూలు, ఎన్నేళ్ళ నుంచి ఊగుతోంది ఇది? మీ చేతికి పావుగంట పని. మీరు చెయ్యలేదు, నేను చెయ్యమనలేదు. చెయ్యమనకపోవడమే నా పొగరు. ఊగినప్పుడల్లా మీకు గుర్తు రావాలని.

నీళ్ళు చల్లారాయి. ఉండనివ్వండి, ఫరవాలేదు. కూర్చోండి అంటున్నానా.

ఇవాళ ఆ ముక్క తెర మీద సరిగ్గా చూశానండీ. అంత పెద్ద తెర. అందులో మెట్టు గట్టిది. కిర్రుమనదు, దిగదు. ఆ పిల్ల కాలు పెడుతుంది, ఆగుతుంది, నోరు తెరుస్తుంది, గాలి తప్ప ఏమీ రాదు. వాయిద్యం అదే వరస మళ్ళీ వస్తుంది. మూడుసార్లు. కుడి చెయ్యి కమ్మీ మీద ఉండదు. నేను రోజూ కుడి చేత్తో పట్టుకునేదాన్ని కదా, ఆ ఒక్క రోజే పట్టుకోలేదు. రెండు చేతులూ వేలాడేసి నిలబడ్డాను. తెర మీద ఆవిడా అంతే.

అర్థమైందా మీకు? నేను మూడేళ్ళు చేసింది కాదది. నేను సర్వనాశనమైన ఆ ఒక్క నిమిషం. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి పట్టుకెళ్ళారు. దానికే ఇవాళ చప్పట్లు కొట్టారు. దాని గురించే క్లాసులో గంట చెబుతారు. మీరు మేకులు కొట్టకపోతే అది లేదు.

ఆ సినిమాలో పిల్ల నన్నెక్కడ చూసిందని అడగరేం?

మూడో వరసలో కూర్చుని చూసింది. ఆ రోజు హాల్లోనే ఉంది. అవును. నాకు తెలుసు. తెర లేవకముందే తెలుసు.

ఆట మొదలవడానికి అరగంట ముందు టోపీ ఆయన మేకప్ గదికి వచ్చాడు. జడలు వేసే ఆవిడని మంచినీళ్ళు తెమ్మని పంపించాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని చాలా మర్యాదగా చెప్పాడు. "అమ్మాయి ఖాయమైపోయిందమ్మా, సంతకాలు కూడా అయ్యాయి. మెట్టు మీద నువ్వు ఏదో ఆగుతావట కదా, అది కాస్త బాగా చేసి చూపించు. తను చూసి నేర్చుకుంటుంది" అన్నాడు. తర్వాత వచ్చి నాలుగు రోజులు దగ్గరుండి నేర్పుతావా అని కూడా అడిగాడు. నేను బొట్టు పెట్టుకుంటూ కూర్చున్నాను.

విన్నారా? వేషం ఎప్పుడో పోయింది. మీరు నాలుగు మేకులు కొట్టినా నలభై కొట్టినా రాదు.

ఇంకా ఉంది. మెట్లు దిగుతున్నప్పుడు నా మనసులో ఒకటే. ఇవాళ ఆగను. చచ్చినా ఆగను, గబగబా దిగేస్తాను, ఏం నేర్చుకుంటుందో నేర్చుకోనీ అనుకున్నాను. పలక దిగుతుందో లేదో కూడా నేను చూసుకోలేదు. మూడేళ్ళ అలవాటు కదా, కాలు దానంతటది ఆగింది. అదే నా ఖర్మ. ఆగగానే ఏడుపు తన్నుకొచ్చింది. అంతే జరిగింది. మీ మేకుల వల్ల కాదు, ఇందాక అలా చెప్పింది కూడా పాత అబద్ధమే. పలక కదల్లేదన్న సంగతి నాకు తెర దించాకే తెలిసింది. మీరు పరిగెత్తుకొచ్చి "నేనే కొట్టాను, పడిపోతావని" అన్నారే, అప్పుడు.

ఆ మాట మీ నోటమ్మట వచ్చేసరికి నాకు ఎంత తేలికైపోయిందో చెప్పనా? అందరూ చూస్తున్నారు, ఏమైందమ్మా అని. ఇంకో పిల్లని తీసుకున్నారట అని చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఎదురుగా మీరు దొరికారు, సుత్తితో సహా.

మర్నాడు చెబుదామనుకున్నాను. మీరు పనికి రాలేదు. నెలయ్యాక చెబుదామనుకున్నాను, అప్పటికి పార్సిలాఫీసు. తర్వాత ప్రతి ఏడూ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. మీరు ఒక్కసారైనా నా మీద అరిచి ఉంటే చెప్పేసేదాన్నేమో. మీకేమో నోట్లో నాలుక లేదు. ఇదిగో, మళ్ళీ మీ మీదకే తోస్తున్నాను, చూశారా నా బుద్ధి.

ఏదైనా అనండి. తిట్టండి. ఆ పేపరు పక్కన పెట్టి నా వంక చూడండి ఒక్కసారి.

ఎక్కడికి లేచారు? వాకిట్లోకా? వెళ్ళండి, మీ ఇష్టం. చెప్పులు అక్కడున్నాయి. నేను ఆపను.

ఏంటి? ఏది ఎక్కడుందని?

మంచం కింద రేకు పెట్టెలో. ఆ రోజు మొదటి మెట్టు మీద నుంచి నేనే తీసి దాచాను. తుప్పు పట్టి ఉంటుంది. ఇప్పుడెందుకండీ అది? సరే సరే, లేస్తున్నాను, కాళ్ళు తుడుచుకోనివ్వండి. తీసుకోండి మీ స్టూలు.

తిరగెయ్యడం ఎందుకు మీరొక్కరే, నడుం పట్టేస్తుంది. ఏ కాలు? అవును, అదే, వెనకది. మేకు నిలబెట్టలేకపోతున్నారు కదా. ఈ చెయ్యేనా నా బరువు మూడేళ్ళు మోసింది? డాక్టరు బరువులెత్తొద్దన్నాడు కూడా. వదిలెయ్యండి, ఊగనివ్వండి, నాకు అలవాటే.

వినరా? అయితే ఇలా ఇవ్వండి, మేకు నేను పట్టుకుంటాను. మీరు కొట్టండి. గట్టిగానే కొట్టండి. నా వేలి మీద పడినా ఏమీ అనను. అనాల్సినవన్నీ ఆ రోజే అనేశానుగా.