నా చేతికందిన మొదటి ఫిర్యాదు

అధ్యక్షులు డాక్టరు గారికి, మన సహాయ కేంద్రం పెద్దలకు, నాలాగే చూపూ వినికిడీ లేకపోయినా ముందు వరుస కుర్చీలు వదలని మిత్రులకు నమస్కారం. నా గొంతు హెచ్చితే మన్నించండి, అది నాకు వినిపించదు. ఈ రోజు మన కేంద్రం నుంచి రిటైరవుతున్న, మేమంతా అక్కా అని పిలుచుకునే మా అక్క, తన సన్మానంలోనూ కూర్చోకుండా, మీరేం చేస్తున్నారో నా అరచేతిలో రాస్తోంది. తనను పొగిడినప్పుడు మాత్రం రాయడం ఆపేస్తోంది! (నవ్వులు) ఆఁ, నవ్వారట.

నేను దర్జీని. పాప పుట్టాక ఒక జబ్బుతో ముందు చూపు, తర్వాత వినికిడి పోయాయి. కేంద్రం వాళ్లు మా ఇంట్లో అందరికీ చేతిలో అక్షరాలు రాయడం నేర్పారు. మావాళ్లు బంగారంలాంటి మనుషులు. నేను బాధపడతానని మంచి కబుర్లే రాసేవారు. పాప ఎలా చదువుతోందని అడిగితే "బాగా". నా బిడ్డ గురించి నాకు తెలిసింది అంతే.

ఒకసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి మా అత్తగారు బయల్దేరుతుంటే, కేంద్రం నుంచి వచ్చిన అక్క "తల్లి ఉండగా మీరెందుకండీ?" అందట. నా చేయి తన మోచేతికి తగిలించుకుని తీసుకెళ్లింది. టీచరు గారు అక్కవైపు తిరిగి, "పాప బాగానే ఉందని వాళ్లమ్మతో చెప్పండి, చాలు" అన్నారట. అక్క అదీ నా చేతిలో రాసేసి, "ఆమెతోనే మాట్లాడండి టీచరు గారూ, ఏదీ దాచకుండా రాస్తాను" అందట.

"ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాను నేను. ఇక మొదలైంది! పాప క్లాసులో నోరు మూయదు, లెక్కలు ఎగ్గొడుతుంది, పక్కపిల్ల జడను కుర్చీకి కట్టేసింది. (నవ్వులు) నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి తనివితీరా తిట్టాను. బిక్కమొహం వేస్తుందనుకుంటే, నా మెడను వాటేసుకుని, చేతిలో "అమ్మా, ఇంకా తిట్టు" అని రాసింది.



అక్క నన్ను ఓదార్చడానికి రాలేదండీ. నన్ను తల్లిగా నా ఇంట్లో నిలబెట్టింది. ఆ పాపే ఇప్పుడు నర్సు. డ్యూటీలో గొడవలన్నీ నాతో చెప్పుకుని, సలహా అడిగి, ఒక్కటీ పాటించదు. ఆ గర్వం నాకు చాలు.

మాలాంటి వారు ఎదురైతే భుజం తట్టి, మీరెవరో చెప్పండి. తర్వాత మంచీ చెడూ రెండూ చెప్పండి. ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. అక్కా, నీకు ఉద్యోగం నుంచే సెలవు, మా ఇంటి నుంచి కాదు. ఆదివారం భోజనానికి వచ్చెయ్. సభవారి దగ్గర మాత్రం నేను తీసుకుంటున్నాను, సెలవు.