తలుపు పక్క డబ్బా

పెద్దలారా, కెజియా వదినా, మచ్చ బొల్లారం సంఘస్థులారా, షిఫ్టు మానుకొని మేడ్చల్ షెడ్డు నుంచి వచ్చిన మిత్రులారా! పరంజ్యోతి అన్న లేడు. ఆరేళ్లుగా నడుస్తున్న ఆయన పేటెంటు కేసు మాత్రం ఇంకా ఉంది. నా పేరు వీరేందర్. ఆ కేసులో ఆయనకు ఎదురు నిలబడ్డ శామీర్‌పేట కంపెనీ కెమిస్టును నేనే. వదిన మాట్లాడమని కబురు పెట్టింది. రావడానికి మొహం చెల్లలేదు. అయినా వచ్చాను. అలసిపోయి వచ్చాను.

మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే బ్యాటరీల్లో వేసే పొడి చేయడం మా పని. దానికి తేమ తగిలితే పనికిరాదని మొదటి రోజే నేర్పుతారు. ఒక వానాకాలం అన్న వాళ్ల మేడ్చల్ షెడ్డులో తలుపు సరిగ్గా పడక, పక్కనున్న డబ్బాకు తేమ పట్టింది. పారేయమన్నారు. అన్న పారేయలేదు. పొడిని మళ్లీ కాల్చి, బ్యాటరీలో వేసి చూశాడు. మిగతా వాటికంటే అదే ఎక్కువ కాలం నిలిచింది. ఎందుకని? ఆ ఒక్క ప్రశ్న మీద మూడేళ్లు కూర్చున్నాడు. ఎంత తేమ, ఎంతసేపు, ఎంత వేడి, అన్నీ నోటుబుక్కుల్లో రాసుకున్నాడు.

పేటెంటుకు పెడితే మేం అడ్డుపడ్డాం. రెండు పాత పరిశోధన పత్రాలు పక్కపక్కన పెట్టుకుంటే ఈ పని తెలిసిన ఎవరికైనా ఇది తడుతుంది, ఇందులో కొత్తేముంది అన్నాం. ఆ అఫిడవిట్ మీద సంతకం నాది. చెన్నైలో విచారణ రోజు అధికారి అదే అడిగితే, అన్న గొంతు పెంచలేదు. "తెలిసినంక అందరికీ అల్కగనే కనిపిస్తది సార్" అన్నాడు, అంతే.

తిరుగు రైల్లో నా టికెట్టు ఖరారు కాలేదు. తన బెర్తులో సగం ఇచ్చాడు. ఎదుటి పక్షం వాడికి ఎవరిస్తారండీ? సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు ఒక్కటే అడిగాడు. "తమ్మీ, నువ్వెప్పుడన్న జేసి చూసినవా?"

నేను జవాబు చెప్పలేదు.

చేసి చూశాను అన్నా. కేసుకు ముందే, ఎక్కువ కాలం నిలిచే పొడి కోసం పద్నాలుగు నెలలు. ఆ రెండు పత్రాలూ నా బల్ల మీదే ఉన్నాయి. తేమ పట్టిన డబ్బాలు నాకూ దొరికాయి. నా చేతులతోనే పారేశాను. నాకు తట్టలేదు. ఆ రోజే చెప్పి ఉంటే ఆయన విని పోయేవాడు. సిగ్గుగా ఉంది.

సోమవారం ఇదే మాట కొత్త అఫిడవిట్‌గా ఇస్తున్నాను. కంపెనీకి నిన్ననే చెప్పాను. నా ఉద్యోగం ఉంటుందో లేదో, కేసు ఏమవుతుందో తెలియదు వదినా.

దయచేసి అందరూ లేవండి. ఆ రోజు రైలు దిగి, నా కోసం నేను నోరు మూసుకున్నాను. ఈ రెండు నిమిషాలు ఆయన కోసం మౌనంగా నిలబడదాం.