కాకి అసలు పేరు

అట్లా చూడకండి అంకుల్. "ఇన్నేళ్ళు మాట్లాడి పేరు తెలీదా" అని ఎన్నిసార్లడిగినా నేను చెప్పేది ఒకటే. తెలీదు. అబద్ధం చెప్పడానికి జెర్సీ సిటీ నుంచి ఫ్లైట్ ఎక్కి ఇర్వింగ్ దాకా వస్తానా?

ప్రేమా? అయ్యో, కాదండీ. మీ అబ్బాయి మొహం నేను చూసిందే నిన్న, ఫ్యూనరల్ హోమ్‌లో.

మాది యానిమే పిచ్చోళ్ళ గ్రూప్, అంటే జపాన్ వాళ్ళ కార్టూన్ కథలు. నలుగురం, అందరం తెలుగువాళ్ళమే. శని, ఆదివారాలు ఒకే గేమ్‌లో కలుసుకుని, హెడ్‌సెట్లు పెట్టుకుని వాగుతూ ఆడేవాళ్ళం. అక్కడ నేను మిరప. తను... కాకి. క్షమించండి, ఈ రోజుల్లో మీ ముందు ఆ మాట అనకూడదు. కానీ నా నోటికి అదే వస్తోంది. రుత్విక్ అంటే ఇంకెవరో అనిపిస్తోంది.

అసలు పేర్లొద్దు, ఆఫీస్ ఊసొద్దు, వీసా మాట ఎత్తినవాడు ఆ రోజు ఆటలో లేడు. ఈ రూల్ ఎవరు పెట్టారనుకున్నారు? తనే! "ఏమండోయ్, వారమంతా ఉన్న ఏడుపే కదా, ఇక్కడన్నా కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి" అనేవాడు. ఎవరినైనా ఏమండోయ్ అనే పిలిచేవాడు.

బొమ్మల సినిమాలా? మీరలాగే అనుకోండి. మేమంతా హీరోని చూస్తుంటే తను వెనకాల నిలబడ్డ సిపాయిల్ని చూసేవాడు. "హీరోకేం, రాసినవాడే కాపాడుకుంటాడు. వీడి గతేంటి? వీడి కోసం కూడా ఇంట్లో ఎవరో అన్నం వండుకుని కూచుంటారు కదా!" అని గొడవ. అలాంటివాడొకడు పోయాడని ఒకసారి మా అందరిచేతా ఎపిసోడ్ ఆపించేశాడు. ఏడ్చాడండీ. మేం నవ్వాం.

ఆ శనివారం? చెప్తున్నా.

మధ్యాహ్నం. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానన్నాడు. గుండెలో మంటగా ఉందన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటే, "కింద స్టోర్‌లో శనివారం మిరపకాయ బజ్జీలేస్తారు, ఆ ఆంటీ చేతి మహిమ" అని నవ్వాడు. ఇంతలో మాట ఆగిపోయింది. కుర్చీ పడిన చప్పుడు. తర్వాత కుక్కర్ విజిల్.

యానిమేలో అయితే మనిషి పడగానే సంగీతం మారిపోతుంది అంకుల్. అందరూ పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తుకొస్తారు. ఇక్కడేమో గేమ్‌లోని సంతబజారులో వచ్చే పాట, అదే పిల్లనగ్రోవి, మోగుతూనే ఉంది. మేం "కాకీ, కాకీ" అని అరుస్తున్నాం. కుక్కర్ కూస్తోంది.

911కి, అదే అంబులెన్స్‌కి, చేశాను. అడ్రస్ అడిగారు. పోనీ పేరు అన్నారు. ఏం చెప్పను? ఇర్వింగ్ అని మటుకు తెలుసు, ఎండల్ని తిట్టేవాడు కాబట్టి. ఇంకా నయం, ఆ బజ్జీలు గుర్తొచ్చాయి. ఇర్వింగ్‌లో ఉన్న ఇండియన్ స్టోర్లన్నిటికీ ఫోన్లు చేశాం, తలా కొన్ని పంచుకుని. పొడుగా పొట్టా అంటారు, కళ్ళద్దాలున్నాయా అంటారు. నాకేం తెలుసు? "ఏమండోయ్ అంటాడండీ, ప్రతి మాటకీ" అన్నాను. ఫోన్‌లో ఒక ఆవిడ, "మన రుత్విక్ కదమ్మా! పైనే, రెండో అంతస్తు" అంది.

అదీ, పేరు నాకు తెలిసిన విధం.

ఆవిడిచ్చిన అడ్రస్ 911కి చెప్పాక, పోలీసులొచ్చి తలుపు బద్దలు కొట్టడం హెడ్‌సెట్‌లోనే విన్నాం. కుక్కర్ అప్పటికే మాడి నోరు మూసుకుంది. ఎవరో హెడ్‌సెట్ తీసి, "ఎవరు మాట్లాడేది?" అన్నారు. ఫ్రెండ్‌ని అన్నాను. "అతని ఇంటిపేరు?" అన్నారు. అదీ తెలీదన్నాను. ఊపిరుందా అనడిగాను. ఆయన హెడ్‌సెట్ కింద పెట్టేశారు.

ఇంకాస్త ముందు తెలిస్తే బతికేవాడా? తెలీదంకుల్. డాక్టర్లు చెప్పలేమన్నారని మీరే అన్నారుగా.

మరి ఉద్యోగం ఎండాకాలంలోనే పోయిందట. ఇన్సూరెన్స్ లేకే డాక్టర్ని తప్పించుకున్నాడు. మాకు తెలీదు, సరే. రూల్ పెట్టుకున్నాం. మీకు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు కదా, మీకు ఎందుకు తెలీదు?

అయ్యో... కూర్చోండి, కూర్చోండి. తప్పుగా అన్నాను. మిమ్మల్ని బాధపెట్టేవన్నీ దాచి, మిగిలిందే మీకు చెప్పేవాడేమో. మా దగ్గరా అంతేగా.

మర్నాడు గ్రూప్‌లో రాశాను. నా పేరు భవిత, ఫలానా చోట ఉంటాను, ఇది నా నంబరు, మీవి కూడా చెప్పండి అని. ఒకాయన వెంటనే పెట్టాడు. ఫణి, శాంటా క్లారా, భార్య నంబరుతో సహా.

ఇంకొకళ్ళు చదివారు. చదివి, గ్రూప్‌లోంచి వెళ్ళిపోయారు. ఆడో మగో కూడా చెప్పలేను, గొంతు మార్చే యాప్ పెట్టుకునేవాళ్ళు.

ఏం చేస్తాం. మీ అబ్బాయి సామాను సర్దిన ఆ అట్టపెట్టె ఇటు తోయండి అంకుల్, టేప్ నేనేస్తాను.